కాలిబాట ఉన్నంత దూరమే నడక

ఇంగ్లండ్‌లో ఒక చేను మధ్యలోంచి కాలిబాట పోతోందనుకుందాం. దుక్కి సమయంలో రైతు ఆ బాటను కూడా కలిపి దున్నుకోవచ్చు, తప్పు లేదు. కాకపోతే 14 రోజుల్లోగా దాన్ని మళ్లీ కనీసం ఒక మీటరు వెడల్పున చదును చేసి, బాట ఎటు పోతుందో కనిపించేలా చేసి, నడిచేవాళ్లకు వదలాలి. 1990 నాటి చట్టం ఇది. చేను ఆయనది, పంట ఆయనది. ఆ మీటరు వెడల్పు మీద నడిచే హక్కు మాత్రం దారిన పోయే ప్రతి మనిషిదీ. పైరు మోకాలెత్తు ఎదిగాక దూరం నుంచి చూస్తే, పచ్చటి చేను నడుమ పాపిడి తీసినట్టు ఆ బాట సన్నగా కనిపిస్తుంది.

దూరపు నడక అనగానే మాట బూట్ల మీదికో, బ్యాగు బరువు మీదికో, మనసు గట్టితనం మీదికో పోతుంది. అవన్నీ తర్వాత. పది పదిహేను రోజుల పాటు పల్లెల మీదుగా నడవాలంటే ముందు కాలు మోపడానికి బాట ఉండాలి, పక్కనుంచి లారీలు దూసుకుపోని బాట. నడకలో సుఖమెంత, కష్టమెంత అన్నది చాలావరకు ఆ బాటే తేలుస్తుంది. ఈ సంగతి బ్రిటన్‌లోని పెనైన్ వే అనే దూరపు కాలిబాటలో స్పష్టంగా కనిపిస్తుంది. మన నల్లమలలోని శ్రీశైలం పాదయాత్ర దారిని దాని పక్కన పెట్టి చూస్తే ఇంకా బాగా అర్థమవుతుంది.

ఇంగ్లండ్, వేల్స్ కలిపి హక్కుగా నడవదగ్గ ఇలాంటి దారులు సుమారు 2,25,000 కిలోమీటర్లు ఉన్నాయి. వీటిలో చాలావాటిని ఎవరూ పనిగట్టుకుని వేయలేదు. ఊరి నుంచి చర్చికి, సంతకు, మిల్లుకు, గనికి జనం నడవగా నడవగా పడిన దారులవి. ఒకసారి దారి అయింది ఎప్పటికీ దారే అన్నది అక్కడి న్యాయసూత్రం. కాలిబాటకు పసుపు బాణం, గుర్రాలు కూడా పోయే దారికి నీలం బాణం గుర్తు వేస్తారు. పెనైన్ వే లాంటి జాతీయ బాటలకు ఓక్ చెట్టు కాయ బొమ్మ ఉంటుంది. పొగమంచులో అరగంటగా దారి తప్పామేమోనన్న టెన్షన్‌తో నడిచినవాళ్లకు, రాతిగోడ పక్కన కొయ్య స్తంభం మీద అరచేయంత కూడా లేని ఆ కాయ బొమ్మ కనిపించినప్పుడు కలిగే ఊరట ఇంతా అంతా కాదు.

పెనైన్ వే ఊరికే రాలేదు. 1930లలో మాంచెస్టర్, షెఫీల్డ్ కార్మికులకు వారానికి ఒక్క ఆదివారమే తీరిక. ఊరి చివర నిలబడితే కొండలు కనిపిస్తాయి. ఎక్కుదామంటే కాపలా. గ్రౌస్ అనే పక్షుల వేట కోసం భూస్వాములు ఆ కొండలను తమ గుప్పిట్లో పెట్టుకున్నారు. 1932 ఏప్రిల్ 24న కొన్ని వందల మంది కిండర్ స్కౌట్ కొండ మీదికి కావాలనే నడిచి వెళ్లారు. కాపలావాళ్లతో తోపులాట జరిగింది. ఐదుగురికి జైలుశిక్ష పడింది. మూడేళ్ల తర్వాత టామ్ స్టీఫెన్‌సన్ అనే జర్నలిస్టు డైలీ హెరాల్డ్ పత్రికలో, పెనైన్ అనే ఈ కొండల వెన్ను మీదుగా స్కాట్లండ్ సరిహద్దు దాకా ఒక పొడవాటి పచ్చని బాట కావాలని రాశాడు. 1949లో జాతీయ పార్కుల చట్టం వచ్చింది. ఆ తర్వాత కూడా భూముల యజమానులతో ముక్క ముక్కకూ మాట్లాడుకుంటూ రావాల్సి వచ్చింది. చివరికి 1965 ఏప్రిల్ 24న, కిండర్ నడకకు సరిగ్గా 33 ఏళ్లకు, బాట మొదలైంది. దక్షిణాన ఈడేల్ అనే పల్లె నుంచి ఉత్తరాన స్కాట్లండ్‌లోని కర్క్ యెథోమ్ దాకా 431 కిలోమీటర్లు. మామూలుగా నడిచేవాళ్లకు 16 నుంచి 19 రోజులు పడుతుంది.

ఆ పదహారు రోజుల్లో అందే సుఖానికి మూలం వేగం తక్కువ కావడమే. స్కాట్లండ్‌కు చెందిన పర్వతారోహకుడు విలియం నెయిస్మిత్ 1892లో చెప్పిన లెక్క ఒకటి ఇప్పటికీ వాడుకలో ఉంది. ఇప్పటి కొలతల్లో చెప్పాలంటే 5 కిలోమీటర్లకు ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకు అదనంగా మరో గంట. 20 కిలోమీటర్ల దూరం, 600 మీటర్ల ఎక్కుడు ఉన్న దారికి ఐదు గంటలన్నమాట. భోజనం, విశ్రాంతి, దారి వెతుక్కోవడం కలిపితే ఒక పగలు. కారులో ఇరవై నిమిషాల్లో తేలిపోయే దూరానికి ఒక రోజంతా పెడితే, ఆ దూరంలో ఏమేమి ఉన్నాయో అన్నీ కంటబడతాయి.

ఉదాహరణకు గోడలు. పెనైన్ కొండల్లో పొలాల చుట్టూ సున్నం, మట్టి లేకుండా రాయి మీద రాయి పేర్చిన గోడలుంటాయి. దక్షిణం వైపు అవి ముదురు రంగులో, గరుకుగా, ఇసుకరాతితో ఉంటాయి. ఉత్తరానికి నడిచి మాలమ్ అనే ఊరు చేరేసరికి తెల్లటి సున్నపురాతి గోడలవుతాయి. కాలి కింద ఏ రాయి ఉంటే గోడకు ఆ రాయే. నేల మారిన సంగతి పుస్తకం తెరవకుండానే గోడ చెబుతుంది. మన దగ్గరా అంతే. బేతంచెర్ల, తాండూరు వైపు నాపరాళ్లు నిలువునా పాతి కంచెలు కట్టుకుంటారు. ఎర్రనేల పోయి నల్లరేగడి వచ్చే చోటు బస్సులో పోతే తెలియదు. నడిచేవాళ్లకు ఆ రెండు అడుగుల తేడా పాదానికే తెలుస్తుంది.

గమ్యం ఒక్కటే లెక్క అనుకునేవాళ్లకు పెనైన్ వే ఒక రోజున గట్టి పరీక్షే పెడుతుంది. టీస్ నది లోయ నుంచి డఫ్టన్ అనే ఊరికి వెళ్లే రోజది. ఉత్తరానికి పోవాల్సిన బాట ఆ రోజు నైరుతికి తిరుగుతుంది. పొద్దంతా నడిచి సాయంత్రం లెక్క చూసుకుంటే, చివరి ఊరికి పొద్దున ఉన్నదానికంటే ఇంకా దూరం జరిగి ఉంటారు. కానీ ఆ దారిలోనే చదునైన బీడు అంచుకు రాగానే హై కప్ లోయ ఒక్కసారిగా కాళ్ల ముందు తెరుచుకుంటుంది. ఒకప్పటి మంచునది చెక్కిన, గిన్నెలా నున్నగా వంగిన లోయ, రెండు పక్కలా వరుస కట్టిన నల్లరాతి అంచు. తిన్నగా పోయే దారి దగ్గరే కావచ్చు, ఈ చోటును మాత్రం వదులుకోవాలి. బాట గీసినవాళ్లు ఆలోచించే అటు తిప్పారు. ఆ నిర్ణయం సరైనదని అక్కడ నిలబడ్డవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

కష్టాల్లో మొదటిది పాదానిదే. బొబ్బ రావడానికి మూడు కావాలి: రాపిడి, తడి, వేడి. చెమట పట్టిన నూలు సాక్సు ఆ మూడింటినీ ఒకేచోట చేరుస్తుంది. మడమ మీదో చిటికెన వేలి పక్కనో ముందు చురుక్కుమంటుంది, చర్మం ఇంకా లేవదు. అసలు ఆగాల్సింది అప్పుడే. రాయి మీద కూర్చుని, బూటు విప్పి, పాదం ఆరనిచ్చి, మంట పుట్టిన చోట సర్జికల్ టేపు ముడత లేకుండా అంటించి, పొడి సాక్సు వేసుకుంటే పది నిమిషాల పని. వచ్చే ఊళ్లో చూసుకుందాంలే అని నడిస్తే నాలుగు రోజుల కుంటుడు. బొబ్బలోకి సూదీ దారం గుచ్చి దారాన్ని అలాగే వదిలేసే అలవాటు చాలామందికి ఉంది. ఆ దారం వెంటే క్రిములు లోపలికి పోతాయి కాబట్టి అది మానుకోవడం మంచిది.

ఎక్కడం కష్టం, దిగడం సులువు అనుకోవడం ఇంకో పొరపాటు. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది, ఆగితే పోతుంది. దిగేటప్పుడు తొడ కండరాలు సాగుతూనే ఒంటి బరువును ఆపాలి. ఆ పనికి అలవాటు లేని కండలో సన్నటి చిరుగులు పడతాయి, నొప్పి మర్నాడో ఆ మర్నాడో బయటపడుతుంది. అందుకే మొదటి రోజు హుషారుగా కొండ దిగినవాళ్లు మూడో రోజు పొద్దున్న మెట్లు దిగడానికి గోడ పట్టుకుంటారు. దూరపు నడక మధ్యలో మానేయాలనిపించేది కూడా ఎక్కువగా ఆ రెండో, మూడో రోజుల్లోనే. ఆ రోజులకు దూరం తగ్గించి పెట్టుకోవడం చాలు, అది బలహీనత అనుకోనక్కర్లేదు. వారం గడిచేసరికి పిక్కలు గట్టిపడతాయి, బ్యాగు వీపుకు అలవాటవుతుంది, ఆకలి తెలిసి అన్నానికి రుచి వస్తుంది, పడుకోగానే నిద్ర పడుతుంది. రోజుకు మూడే పనులు: నడవడం, తినడం, పడుకోవడం. నగరంలో పది రకాల ఆలోచనలతో నలిగే మనిషికి ఆ మూడు పనుల రోజు ఎంత సుఖమో అనుభవిస్తే గానీ తెలియదు.

తర్వాతి కష్టం నేలది. పెనైన్ కొండల మీద పీట్ అనే నేల ఉంటుంది. వేల ఏళ్లుగా నాచు సగం కుళ్లి, నీళ్లు తాగి ఊరిన నల్లటి మెత్తటి పొర అది. వేలమంది నడిచేసరికి బాట బురదగుంటయింది. గుంటను తప్పించుకుందామని పక్కనుంచి నడిచారు, అదీ గుంటయింది. ఇలా బ్లాక్ హిల్ లాంటి చోట్ల బాట పదుల అడుగుల వెడల్పున పుండులా పరుచుకుంది. నడకను ప్రేమించేవాళ్లే నేలను పాడుచేస్తున్నారన్న నిజం అక్కడ కళ్లకు కట్టింది. మందు కూడా ఆ ప్రాంతంలోనే దొరికింది. మూతపడి కూల్చేసిన పాత నూలు మిల్లుల్లో నేల మీద పరిచిన రాతిపలకలను హెలికాప్టర్లతో కొండపైకి చేర్చి, బురద మీద వరసగా పరిచారు. ఒకప్పుడు కార్మికులు నిలబడి పనిచేసిన రాళ్లు ఇప్పుడు కొండ మీద నడిచేవాళ్ల పాదాల కింద ఉన్నాయి. రాయి పరిస్తే కొండ సహజత్వం పోతుందని అభ్యంతరం చెప్పినవాళ్లూ ఉన్నారు. ఆ పలకల పక్కన పచ్చిక మళ్లీ మొలిచింది కాబట్టి ఆ వాదనకు పెద్దగా బలం లేదు.

పీట్ సంగతి చదివితే మన పల్లెల్లో పుట్టినవాళ్లకు నల్లరేగడే గుర్తొస్తుంది. ఒక్క వాన పడితే చాలు, చెప్పుకు అంటిన మన్ను అడుగడుక్కీ పెరిగి పాదం పెసరట్టు పెనమంత అవుతుంది. చెప్పులు చేత పట్టుకుని ఉత్త కాళ్లతో నడవడమే అక్కడ తెలివైన పని. వానకాలంలో రేగడి నేల మీద దూరపు నడక పెట్టుకోకూడదు. మన దగ్గర కార్తీకం నుంచి మాఘం దాకా నడకకు అనువైన కాలం. తర్వాత ఎండ ముదురుతుంది. ఎండలో ఉప్పు లేకుండా ఉత్త నీళ్లే అతిగా తాగితే ఒంట్లో సోడియం తగ్గి తల తిరగడం, వాంతులు, మగత వస్తాయి. ఉప్పేసిన మజ్జిగ తాగించే మన చలివేంద్రాలు ఈ విషయంలో ఎప్పుడూ సరిగ్గానే ఉన్నాయి.

జంతువుల వల్ల వచ్చే ఇబ్బంది ఒక్కోచోట ఒక్కో రకం. బ్రిటన్‌లో నడిచేవాళ్లకు అపాయం చాలాసార్లు దూడలున్న ఆవుల నుంచి వస్తుంది, అదీ వెంట కుక్క ఉన్నప్పుడు. ఆవులు తరిమితే కుక్క తాడు వదిలేయమంటారు. వాటి కోపం కుక్క మీదే, అదేమో మనిషి కంటే వేగంగా తప్పించుకుంటుంది. మన ఊళ్లలో ఊరి మొదట్లో గుంపుగా వచ్చే కుక్కల బెడద. పరిగెత్తకుండా, చేతికర్ర నేలకు తాటిస్తూ, మెల్లగా వాటి హద్దు దాటిపోవాలి.

ఆడవాళ్లకు ఇంకో బరువు కూడా ఉంటుంది. ఒంటరిగా బ్యాగుతో నడిచే ఆడమనిషి మన పల్లె దారిలో పది చోట్ల సంజాయిషీ చెప్పుకోవాలి. పైగా మరుగుదొడ్డి దొరకదని నీళ్లు తాగడం మానుకుంటారు, ఎండలో అది ప్రమాదం. గుంపుగా సాగే పాదయాత్రల్లో ఆడవాళ్లు అంతమంది కనిపించడానికి భక్తి ఒక కారణమైతే, అక్కడ ఎవరూ నిలదీయకపోవడం ఇంకో కారణం. ఈ మాట మన దగ్గర నడక గురించి రాసేటప్పుడు తరచూ వదిలేస్తారు. వదిలేయదగ్గది కాదు.

నల్లమలలో ఆ గుంపు నడక శివరాత్రికీ ఉగాదికీ కనిపిస్తుంది. ఉగాదికి బాగల్‌కోట్, విజయపుర, బెళగావి, రాయచూరు వైపు నుంచి కన్నడ భక్తులు రోజుల తరబడి నడిచి శ్రీశైలం వస్తారు. భ్రమరాంబను వాళ్లు తమ ఆడపడుచుగా భావిస్తారు, చీర, పసుపు, కుంకుమ మోసుకొస్తారు. పుట్టింటివాళ్లు కూతురి దగ్గరికి వెళ్లినట్టే ఆ నడక. కొందరు కొయ్యకాళ్లు కట్టుకుని కూడా నడుస్తారు. ఆత్మకూరు దాటాక వెంకటాపురం దగ్గర అడవి మొదలవుతుంది. అక్కడి నుంచి నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను, కైలాసద్వారం. ఈ దారిలో మెట్లు రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డి కాలం నాటివని, అంటే 14వ శతాబ్దానివని చెబుతారు. భీముని కొలను దగ్గర లోయలోకి దిగి మళ్లీ కైలాసద్వారానికి ఎక్కేటప్పుడు తెలుస్తుంది, ఆ రాతి మెట్లు లేకపోతే ముసలివాళ్లు, పిల్లలను ఎత్తుకున్నవాళ్లు ఆ కొండ దాటలేరని. పెద్దపులుల అభయారణ్యం కాబట్టి అటవీశాఖ ఈ దారిని పండగ రోజుల్లోనే వదులుతుంది.

పెనైన్ వే మీద నడిచేవాళ్లు తిండి, పడక ముందే బుక్ చేసుకుంటారు. క్రాస్ ఫెల్ కొండ మీద, చివరి రోజున చెవియట్ కొండల మీద తలదాచుకునే చిన్న గుడిసెలు తప్ప ఆదుకునే మనిషి కనిపించడు. శ్రీశైలం దారిలో ఊరూరా పందిళ్లు. అన్నం, మజ్జిగ, వేడినీళ్లు, బొబ్బలకు కట్టు కట్టి కాళ్లకు నూనె రాసే చేతులు. అక్కడ బాటను చట్టం కాపాడుతుంది, మనిషి తన సంగతి తను చూసుకోవాలి. ఇక్కడ మనిషిని పది ఊళ్లు కాపాడతాయి, పండగ దాటితే బాట సంగతి పట్టించుకునే దిక్కుండదు. రెండూ కలిసిన చోటు ఇంకా రావలసే ఉంది.

నడిచేవాళ్లకు ఊరు చెప్పుకునే సంగతులు బండి మీద వచ్చేవాళ్లకు చెప్పుకోదు. 1951లో వినోబా భావే వార్ధా వైపు నుంచి హైదరాబాద్ దగ్గరి శివరాంపల్లిలో జరిగిన సర్వోదయ సమావేశానికి నడిచే వచ్చారు. అక్కడి నుంచి నల్గొండ పల్లెల్లోకి నడిచారు. ఏప్రిల్ 18న పోచంపల్లిలో, సాగుకు భూమి లేని కుటుంబాలు తమకు 80 ఎకరాలు కావాలని అడగడం, వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తాననడం, అలా భూదానం మొదలవడం అందరికీ తెలిసిన చరిత్రే. కారులో వచ్చిన పెద్దమనిషి చుట్టూ చేరేవాళ్లు వేరు. దుమ్ము కాళ్లతో నడిచొచ్చి అరుగు మీద కూర్చున్న మనిషి ముందు నోరు విప్పేవాళ్లు వేరు.

అసలు మన దగ్గర పల్లెల మీదుగా నడిచే బాటలు లేవా? ఉన్నాయి, కాగితం మీద. గుంటూరు, ప్రకాశం వైపు డొంక అంటారు, గోదావరి జిల్లాల్లో పుంత అంటారు, తెలంగాణలో బండ్ల బాట, నక్షా బాట అంటారు. గ్రామపటంలో రెండు చుక్కల గీతల మధ్య అవి ఊరి నుంచి ఊరికి పోతూనే ఉంటాయి. పోరంబోకు, అంటే ఎవరి పట్టాలోనూ లేని నేల. ఎడ్లబండ్లు పోయి, మోటార్ సైకిళ్లు తారురోడ్డు పట్టాక డొంకల్లో ముళ్లచెట్లు పెరిగాయి. భూమి ధర పెరిగాక ఇటు రైతు ఒక సాలు, అటు రైతు ఒక సాలు కలుపుకున్నారు. కొన్నిచోట్ల డొంక మధ్యలోనే కంచె పడింది. దీనివల్ల నష్టపోయింది సరదాగా నడిచేవాళ్లు ఒక్కరే కాదు. లోపలి పొలం రైతుకు ట్రాక్టరు దారి లేక తగాదాలు పోలీసు స్టేషన్ దాకా వెళ్తున్నాయి. డొంకను బతికించడం ముందు ఆ రైతుకు మేలు. ఆ తర్వాతే నడక.

ఇప్పటికిప్పుడు నడవాలనుకునేవాళ్లకు డెల్టా కాలువ గట్లు ఉన్నాయి. 1847లో మొదలై 1852కు పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట నుంచి విడిపోయిన కాలువలు నీళ్లకే కాక పడవలకు కూడా దారులు. గాలి లేనప్పుడు మనుషులు గట్టు మీద నడుస్తూ పడవను తాడుతో లాగేవాళ్లు. అంటే ఆ గట్లు పుట్టుకతోనే నడిచే బాటలు. నీటివాలు వెంట పోతాయి కాబట్టి ఎక్కుడు దిగుడు దాదాపు ఉండదు. తొడ కండరాలకు శిక్ష లేదు, దారి తప్పే భయమూ లేదు. కొన్ని గట్లు తారురోడ్లయి వాహనాలు ఎక్కేశాయి, కొన్ని ఇంకా మట్టిగానే ఉన్నాయి. మట్టిగట్టు ఎంచుకుని డిసెంబరులో పొగమంచు విడవకముందే బయల్దేరితే ఒక పక్క కాలువ, ఇంకో పక్క కొబ్బరితోట, అరటితోట, చేపల చెరువు. లాకు దగ్గర చెట్టునీడ ఉంటుంది, నీళ్లు దూకే చప్పుడు ఉంటుంది, చాలాచోట్ల ఒక టీ కొట్టు ఉంటుంది. అక్కడ బూట్లు విప్పి, మడమలు చూసుకుని, తడి సాక్సు మార్చుకుని, ఎండ ముదిరేలోపు తర్వాతి లాకు చేరుకోవచ్చు.